సోంపు లేని పప్పు

రాయగడ చింతపండు వర్తకుడు గణపతిరావు వియ్యంకుడు జోగయ్య నరసన్నపేట నుంచి మధ్యాహ్నం బండికి దిగుతున్నాడు. వండిపెట్టడానికి గణపతిరావు భార్య బాలామణి చూస్తే గుణుపురంలో పుట్టింట ఉంది. వియ్యంకుణ్ణి బజారులో కొత్తగా పెట్టిన హోటలుకి తీసుకెళ్దామని గణపతిరావు పొద్దున్నే నిశ్చయించుకున్నాడు. కాని బోర్డు చూడగానే ఆయనకి అనుమానం వచ్చింది. ‘అసలైన శ్రీకాకుళం భోజనం’ అని రాసి ఉంది.

“అసలైందయితే రాసుకోడమేటి?” అనుకున్నాడు. వియ్యంకుడి ముందు పరువు పోకుండా, బండి వేళకి ముందే వెళ్ళి, తిన్నగా వంటింట్లో దూరి, మూతలెత్తి వాసన చూశాడు.

హోటలు నడిపే గున్నమ్మ గుండె గుభేలుమంది. శుభ్రత తనిఖీ చేసే అధికారి కాబోలనుకుని, ఆయన్ని కూర్చోబెట్టి, పెద్దాకు వేసి, పప్పు మీద గరిటెడు నెయ్యి పోసింది.

అడక్కుండా ఇంత నెయ్యా! గణపతిరావుకి అనుమానం ముదిరింది.

“మీదే ఊరు?”

“సింగుపురం బాబూ.”

“ఎవరడిగినా అలాగే సెప్తావేటి?”

“ఊరదే అయితే మరేటి సెప్పను బాబూ?”

ఆయన ఒక్క ముద్ద తిని లేచి నిలబడ్డాడు. “పప్పులో సోంపేదీ? సోంపు!” అని అరిచాడు.

పక్కన తింటున్న ఒడియా గుమస్తాకి అది ‘సాప’ అని వినబడింది. సాప అంటే వాళ్ళ భాషలో పాము. “డాలిరే సాప!” పప్పులో పామంటూ ఆ గుమస్తా ఎంగిలి చేత్తోనే వీధిలోకి దూకాడు. ఆయన వెనకే హోటలంతా ఖాళీ అయిపోయింది.

గున్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. స్టేషన్లో ఎవరూ కనబడక వెతుక్కుంటూ వచ్చిన జోగయ్య అప్పుడే లోపలికి అడుగుపెట్టాడు. ఆయనకి ఒడియా రాదు, వీధిలో కేకలు అర్థం కాలేదు, ఆకలి మాత్రం దంచేస్తోంది. తనే ఓ ఆకేసుకుని కూర్చుని, పప్పూ అన్నం కలుపుకుని, కళ్ళు మూసుకుని తిన్నాడు.

“బావగారూ, అచ్చం మా అమ్మ సేతి పప్పే!”

“ఇదా? మరి మా ఇంట్లోదో?”

“సోంపేసి వండుతారు, ఆ ఒడియా పప్పా? అదీ బాగుంటాది.”

“ఒడియా ఏటి! అది మా అమ్మ నేర్పిన శ్రీకాకుళం వంట!”

“ఆవిడదే ఊరు?”

గణపతిరావు గొంతు తగ్గించాడు. “బిస్సమ్ కటక్… ఒడియా దేశమే” అన్నాడు.

గున్నమ్మ కళ్ళు తుడుచుకుంది. “నా పప్పు సంగతి మీరిద్దరూ తేల్చేసేరు, బాగుంది. పోయినోళ్ళనెవరు తెస్తారు బాబూ?”

గణపతిరావు కండువా సర్దుకుని వీధిలోకి నడిచాడు. “సాప నాహి! సాప నాహి!” పాము లేదు లేదంటూ బజారు పొడుగునా అరుస్తూ వెళ్ళాడు.

జనం పాములవాడనుకుని చుట్టూ మూగి, బుట్టేదని అడిగారు.