నాచారం నుంచి నారపల్లి దాకా వెంటపడ్డ వైరస్

ఆ ఆదివారం పొద్దున నాచారంలోని తన ఇంట్లో జోసఫ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ప్లాట్లు అమ్మే జనార్ధనరావు గారి వెబ్‌సైటు తెరుచుకుంటోందో లేదో ఒకసారి చూసుకోవడం, స్నానం చేసి భార్య రూతుతో చర్చికి వెళ్లడం. జోసఫ్ భయస్తుడు. ఇంటికి తాళం వేశాక, గ్యాస్ కట్టేశానా అని మళ్లీ లోపలికి వెళ్లి చూసే రకం. అలాంటివాడు నాచారం ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి, అద్దె సర్వర్ మీద పాతిక ముప్పై చిన్న వ్యాపారుల వెబ్‌సైట్లు నడుపుతున్నాడంటే, ఆ ధైర్యం పార్ట్‌నర్ రమేష్‌ది.

ఇద్దరికీ ఒక్క విషయంలోనే పడదు. జోసఫ్‌కు కంట్రోల్ ప్యానెల్ కావాలి. అందులో రంగురంగుల బొమ్మలుంటాయి, ఏది నొక్కినా ‘నిజంగానే నొక్కమంటారా’ అని మర్యాదగా అడుగుతుంది. రమేష్‌కు నల్ల తెర మీద కమాండ్లు కొడితే తప్ప పని చేసినట్టుండదు.

"పాతిక సైట్లకు ప్యానెల్ ఎందుకన్నా? సైకిల్‌కు పక్క చక్రాలు కట్టుకున్నట్టు," అన్నాడు ఇంటికొచ్చిన రమేష్ ఆ పొద్దున కూడా.

"నీ నల్ల తెర ఏం అడగది, ఏం చెప్పది. దాన్ని సూస్తేనే నాకు దడ పుడతది."

"సూడకు. రాత్రి సర్వర్ పాస్‌వర్డ్ గూడ నేను అండ్లనే మార్చిన. హ్యాకర్లు మస్తు తిరుగుతున్నరంట."

రమేష్ చెప్పిన కొత్త పాస్‌వర్డ్‌ను జోసఫ్ ప్యానెల్‌లో కొట్టాడు. తప్పంది. మెల్లగా, ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టాడు. తప్పంది. "జరుగన్నా, నువ్వు తప్పు కొడుతున్నవ్," అని రమేష్ కూర్చుని తనూ కొట్టాడు. ఇద్దరివీ కలిపి నాలుగైదు సార్లయ్యాక తప్పు అనడం కూడా మానేసి ప్యానెల్ మాయమైపోయింది. నల్ల తెర ఉలకలేదు, పలకలేదు. జనార్ధనరావు గారి సైటు చూస్తే తెల్ల కాగితం. మిగతా సైట్లన్నీ అంతే.

అప్పుడే పక్క గల్లీలో మ్యారేజ్ బ్యూరో నడుపుతూ వీళ్ల దగ్గరే సైటు పెట్టించుకున్న అన్నపూర్ణమ్మ ఫోన్ చేసింది. "జోసఫూ, నా పెళ్లికొడుకులు ఒక్కడు గూడ కనిపిస్తలేడు! పిల్ల తండ్రి ఎదురుంగనే కూసున్నడు!"

జోసఫ్ గడియారం చూశాడు. నారపల్లిలో జనార్ధనరావు కొత్త వెంచరు వేశాడు. పదకొండింటికి షామియానా కింద పెద్ద తెర మీద సైటు తెరిచి జనానికి ప్లాట్లు చూపిస్తాడు. తమ ఖాతాదార్లలో సగం మంది ఆయన పంపినవాళ్లే. ఆయన పోతే వాళ్లూ పోతారు. జోసఫ్ మళ్లీ ఫ్యాక్టరీ గేటు ముందు, తాను గొప్పగా చెయ్యి ఊపి వచ్చిన సూపర్‌వైజర్ ముందే చేతులు కట్టుకుని నిలబడాలి.

రమేష్ ముంబైలో సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీకి ఫోన్ చేశాడు. ఇంజనీరు తర్వాత మాట్లాడతాడన్నారు. వేరేచోట తెరుచుకుంటుందేమో చూద్దామని ఇద్దరూ బండెక్కి హబ్సిగూడలో ఒక నెట్ సెంటర్‌లో దూరారు. అక్కడ సైటు ఠక్కున తెరుచుకుంది! జోసఫ్ దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు. పనిలో పనిగా ప్యానెల్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టారు. తప్పంది. మళ్లీ మళ్లీ కొట్టారు. వాళ్ల కళ్ల ముందే అక్కడా సైటు చచ్చింది.

ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఇంకో నెట్ సెంటర్. అక్కడా బతికే ఉంది, వీళ్లు కూర్చున్న కాసేపటికి పోయింది.

రమేష్ గొంతు తగ్గించాడు. "అన్నా, వైరస్ మన ఎంబడే వస్తున్నట్టుంది."

"గట్ల అనకురా, ఎనక్కి సూడాలంటేనే భయమైతుంది!"

ఇంతలో రూతు ఫోన్. సంగతి విని ఆమె ఒకటే మాట అంది. "ఆరాధన ఇడిసిపెట్టి తిరిగితే గిట్లనే ఐతది." జోసఫ్ అది కూడా నమ్మాడు.

జనార్ధనరావు కాళ్ల మీద పడి నిజం చెప్పుకోవాలని నారపల్లి చేరేసరికి షామియానా నిండా జనం. పెద్ద తెర మీద సైటు వెలిగిపోతోంది. పచ్చ రంగు ప్లాట్లన్నీ ఖాళీవి. జోసఫ్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

"మంచి టైంకొచ్చిన్రు," అన్నాడు జనార్ధనరావు. "గా మూల ప్లాటు మావోనికి ఇచ్చిన. దాన్ని ఎర్రగ చెయ్యిన్రి."

పెద్ద తెరకు కలిపిన లాప్‌టాప్ ముందు రమేష్ కూర్చుని ప్యానెల్ తెరిచాడు. పాస్‌వర్డ్ తప్పు. తప్పు. తప్పు. తప్పు. ఇంకోసారి కొట్టి, ఎంటర్ నొక్కబోతుండగా ముంబై నుంచి ఫోన్ వచ్చింది. వింటూ వింటూ రమేష్ నిప్పు తగిలినట్టు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"అన్నా, వైరస్ లేదు, ఏం లేదు," అన్నాడు జోసఫ్ చెవిలో. "ఒకే కనెక్షన్ నుంచి ఐదు తప్పులు కొడితే సర్వర్ దానికి తలుపు మూస్తదంట. మన కాలనీ అంత ఒక్కటే కేబుల్ నెట్ గదా, అన్నపూర్ణమ్మకు గూడ మూసింది. మిగతా ఊరికంత సైట్లు మంచిగనే నడుస్తున్నయి. రాత్రి క్యాప్స్ లాక్ పడి పాస్‌వర్డ్ అంత పెద్దక్షరాలల్ల పోయినట్టుంది. నల్ల తెరల అక్షరాలు కనిపించయి గదా!"

తాము వెళ్లిన ప్రతిచోటా సైటును చంపింది తామే. జోసఫ్ తెర మీద నిండి ఉన్న పాస్‌వర్డ్ గడి వంక చూశాడు. "ఇది ఐదోది," అని గొణిగాడు. "ముట్టకు, ఎవ్వరు ముట్టొద్దు."

"ఏందయ్యా గుసగుసలు? ఒక్క ప్లాటుకు ఇంత సేపా?" అని జనార్ధనరావు వాళ్లను పక్కకు తోసి తానే ఎంటర్ నొక్కాడు.

పెద్ద తెర తెల్లబోయింది. ప్లాట్లు లేవు, రోడ్లు లేవు, పార్కు లేదు. జోసఫ్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ముందు వరుసలో అంబర్‌పేట నుంచి వచ్చిన పెద్దాయన లేచి నిలబడ్డాడు. "అయిపోయినయా? బుకింగ్ బందు పెట్టిన్రా?"

"ఇప్పటిదాంక పచ్చగనే ఉండె!" అని వెనక ఎవరో అరిచారు. కుర్చీలు పడ్డాయి. జనమంతా అడ్వాన్సులు పట్టుకుని జనార్ధనరావు బల్ల మీదికి ఎగబడ్డారు. ఆయన మొదట బిత్తరపోయాడు, తర్వాత రశీదు పుస్తకం తీశాడు.

సాయంత్రం ఆయన జోసఫ్ భుజం మీద చెయ్యి వేశాడు. "మస్తు చేసినవయ్యా. వచ్చే ఆయితారం గూడ గిదే టైంకు బందు కావాలె. మర్సిపోకు."

వచ్చే ఆదివారం సైటు ఆగకపోతే తన గతేమిటన్న భయం నారపల్లి దాటకముందే జోసఫ్‌కు పట్టుకుంది.