పైకి అనుకోండన్నా!

ఆ పొద్దున తిప్పేస్వామి వేసుకున్న పథకం చాలా చిన్నది. కంపెనీ అబ్బాయి వచ్చేలోపల కంబదూరు ఆటో ఎక్కి మాయమైపోవడం. చెప్పులు చేత్తో పట్టుకుని గడప దాటుతుంటే భార్య హనుమంతమ్మ ఎదురొచ్చింది.

"యాడికి? ఆ పిల్లోడు నీకోసమే వస్తాండాడు. వాళ్ళు చెప్పినట్ల చేస్తే మన మోటారు స్టార్టరుకు ఫోన్‌తో నడిచే డబ్బా ఊరికే బిగిస్తారంట. ఇంట్లో కూచో."

ఆ పిల్లోడు శశికుమార్. కళ్యాణదుర్గం వాడే, బెంగళూరులో ఉద్యోగం. బోరు మోటారును ఇంటినుంచే ఆన్, ఆఫ్ చేసే ఫోన్ యాప్ ఒకటి వాళ్ళ కంపెనీలో తయారవుతోంది. అది రైతుకు అర్థమవుతుందో లేదో రైతుతోనే వాడించి చూడటం అతని పని. ముందురోజు అతను ఫోన్‌లో చెప్పిన ఒక్క మాట తిప్పేస్వామికి కునుకు లేకుండా చేసింది. "ఫోన్ చూస్తా మీ మనసులో ఏమొస్తే అది పైకి చెప్పల్లన్నా. ఏదీ దాచుకోకూడదు."

దాచుకోకపోతే తిప్పేస్వామి బతికేదెట్లా? రెండు నెలల కిందట బోరులో నీళ్ళు దిగిపోయి, మోటారు ఖాళీగా తిరిగి తిరిగి కాలిపోయింది. ఆ సమయానికి అతను షెడ్డు నీడలో గురక పెడుతున్నాడు. లేచేసరికి పొగ. మోటారు ఆపి పడుకున్నాడో లేదో ఇప్పటికీ గుర్తులేదు. భార్య అడిగితే భయంతో నోటికొచ్చిన పేరు చెప్పేశాడు, పక్కింటి ఓబుళేసు వచ్చి స్టార్టరు కెలికాడని. మోటారు బాగుచేయించి మళ్ళీ దించేలోపల వేరుశనగ చేను ఎండింది. అప్పటినుంచి హనుమంతమ్మ ఓబుళేసు గోడవైపు తిరిగి రోజూ ఒకటే అరుపు. "ఆ మోటారు కాల్చినోని చేతులు ఇరగ్గొడతా!"

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. ఫోన్‌లో మోటారు బొమ్మ చూస్తూ మనసులోది బయటపెట్టాలని వినగానే తిప్పేస్వామికి చేతుల్లో ముందుగానే నొప్పి మొదలైంది.

పారిపోవడం కుదరలేదు కాబట్టి గొంతు పోగొట్టుకున్నాడు. మెడకు తువ్వాలు చుట్టుకుని, నోరు తెరిచి, మాట రావడం లేదని సైగ చేశాడు. హనుమంతమ్మ మిరియాల కషాయం పోసింది. తాగాడు. మాట రాలేదు. ఇంకో గ్లాసు పోసింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి గానీ మాట రాలేదు. అప్పుడు ఆమెకు నిజంగానే భయమేసింది.

"అయ్యో దేవుడా! మా ఆయనకు మాట పడిపోయిందే!" అని వీధిలోకి పరిగెత్తి, ఊళ్ళో సూదులు వేసే జోయల్‌ను స్కూటరుతో సహా పట్టుకొచ్చింది.

జోయల్ టార్చిలైటు వేసి గొంతంతా వెతికాడు. "పైకి ఏమీ కనపడలేదు. అంటే లోపల పెద్దదే ఉండాది. సూది వెయ్యల్ల" అని సంచిలోంచి ఒకటి తీశాడు. దాని పొడుగు చూసిన తిప్పేస్వామికి తన రోగం గుర్తులేకుండా పోయింది.

"వద్దప్పో! సచ్చిపోతినో!"

ఆ కేక వీధి చివరిదాకా వెళ్ళింది. పక్కింట్లో ఓబుళేసు పగంతా మరిచిపోయి గోడ దూకి వచ్చాడు. సరిగ్గా అప్పుడే ఆటో దిగిన శశికుమార్ ముఖం వెలిగిపోయింది.

"ఏమి గొంతన్నా నీది! ఇట్ల బిగ్గరగా మాట్లాడేవాళ్ళే మాకు కావల్ల."

తిప్పేస్వామిని చాప మీద కూర్చోబెట్టి చేతిలో ఫోన్ పెట్టాడు. ఒకవైపు హనుమంతమ్మ, ఒకవైపు సూది దించని జోయల్, ఎదురుగా ఓబుళేసు.

"భయపడొద్దన్నా. పరీక్ష మీకు కాదు, యాప్‌కు. నేను మధ్యలో సాయం చెయ్యకూడదు. మీరు పైకి అనుకుంటా ఉండండి, అంతే."

"ఇది ఫోను" అన్నాడు తిప్పేస్వామి. "ఇది... మోటారు." అక్కడ ఆగిపోయాడు. చెమట కారి తువ్వాలు తడిసింది.

"ఊరకుంటిరే? మనసులో ఏమనుకుంటాండారు?"

"ఏమీ లేదప్పా."

"ఏదో ఉండాదన్నా. మొగం చూస్తే తెలుస్తాంది. పైకి అనుకోండి."

జోయల్ సూదిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. తిప్పేస్వామి ఆ సూదినే చూస్తూ అరిచేశాడు.

"ఓబుళేసు కాదు! ఆ పొద్దు ఓబుళేసు రానేలేదు! నేనే షెడ్డుకాడ పండుకొంటి. మోటారు ఆపినానో లేదో నాకే తెల్దు!"

ఓబుళేసు నోరు తెరిచాడు. హనుమంతమ్మ కొంగు నడుముకు దోపింది. సంగతేమిటో తెలియని శశికుమార్ మాత్రం సంబరపడిపోయాడు. "శానా బాగా చెప్తాండారు. ఇప్పుడు మోటారు ఆన్ చెయ్యండి."

తిప్పేస్వామి వేలు బటన్ తప్ప అన్నిచోట్లా తగిలింది. హనుమంతమ్మ ఫోన్ లాక్కుంది.

"ఇట్ల తే! మోటారే చూసుకోలేనోడు ఫోనేం చూస్తాడు?"

"మంచిదక్కా. మీరు కూడా పైకి అనుకుంటా చెయ్యండి."

అది ఆమెకు కొత్త విద్యేమీ కాదు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ ఆమె లోపల అనుకున్నది తక్కువ. "ఇదో, పచ్చది. నొక్కితే ఆన్. దీంట్లో ఏముండాదప్పా? ఆ పొద్దు ఈయప్ప చూస్తే మోటారు ఆపేసి గురక పెడతాండాడు, సరేలే అని నేనే స్టార్టరుమీద ఇట్లే పచ్చది నొక్కి, కనకాంబరాలకు నీళ్ళు తిప్పుకొని, అట్లే ఇంటికొచ్చి పొయ్యి ముట్టిచ్చి..."

ఆగిపోయింది.

"ఆపొద్దక్కా" అన్నాడు శశికుమార్ ఉత్సాహంగా. "తర్వాత ఏమనుకుంటాండారు?"

హనుమంతమ్మ ఏమీ అనుకోలేదు. పైకి అసలే అనుకోలేదు. జోయల్ సూది పట్టుకుని, ఇప్పుడు మాట పడిపోయింది ఎవరికో తెలియక మొగుడూ పెళ్ళాలను మార్చి మార్చి చూశాడు.

"అందుకేనా అక్కా, నన్ను అంత గట్టిగా తిడితివి?" అన్నాడు ఓబుళేసు.

తిప్పేస్వామి రెండు నెలల తర్వాత మొదటిసారి గుండెనిండా గాలి పీల్చుకున్నాడు. తాను ఆపే పడుకున్నాడన్నమాట. మెల్లగా భార్య వైపు వంగాడు. "చేతులు ఇరగ్గొడతా అంటివే?"

ఆమె ఆ చేతుల్ని కొంగు కింద దాచుకుంది.

చెప్పినట్టే కంపెనీవాళ్ళు స్టార్టరుకు డబ్బా బిగించి వెళ్ళారు. నెల తిరక్కుండానే శశికుమార్ మార్చిన యాప్ పట్టుకుని మళ్ళీ వచ్చాడు. "ఆ పొద్దు మీ ఇంట్లో నేర్చుకున్నదే అన్నా ఇది. మోటారు ఎవరు ఆన్ చేసినారో, ఎవరు ఆపినారో, పేర్లతో సహా పైన పెద్దక్షరాల్లో కనపడతాది" అని గర్వంగా చూపించాడు.

"మాకొద్దప్పా" అన్నారు మొగుడూ పెళ్ళాలు ఒకే గొంతుతో.

ఆ ఊళ్ళో ఆ యాప్ ఎక్కించుకున్నవాడు ఓబుళేసు ఒక్కడే, అదీ తన మోటారు కోసం కాదు, పక్కింటివాళ్ళ మోటారు కోసం.