టిక్కీల మధ్య హీలియం

ఆ పొద్దున బిందుమాధవికి ఉన్న పని పెద్దదేం కాదు. చెల్లెలు తేజశ్రీ తలంటు పోసుకుని వచ్చేలోగా ఇడ్లీలు దించాలి, తన చంటాడు చెల్లెలి ల్యాప్‌టాప్ జోలికి పోకుండా చూడాలి. ద్రవ హీలియంలో చిక్కిన ఎలక్ట్రాను ఎలా ఉంటుందో తేజశ్రీ అందులో లెక్క కట్టిస్తోంది. ఇవాళ గైడుగారికి వీడియోలో ఫలితం చూపించాలి. చూపిస్తేనే పీహెచ్‌డీ ముందుకు సాగేది.

"హీలియమంత చల్లనిది ఇంకోటి లేదక్కా. కాస్త వేడి తగిలినా ఆవిరై పోద్ది. అందులో ఎలక్ట్రాన్ పడితే, చుట్టూ ఉన్నవాటిని నెట్టేసి బుడగ చేసుకుని ఒక్కతే కూర్చుంటది," అని నిన్న అన్నం తింటూ చెప్పింది చెల్లెలు.

ఇడ్లీలు దించి ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేసింది బిందుమాధవి. పెనంలా కాలుతోంది! లోపల హీలియం ఏమైపోతోందో! తన చదువు ఎలాగూ పదితో ఆగింది. చెల్లెలిది తన చేతుల్లో ఆగకూడదు.

ఆమెకు తెలిసిన చల్లని చోటు ఒక్కటే. చిన్నప్పుడు వేసవిలో నాన్న మిరపకాయల టిక్కీలు కోల్డ్ స్టోరేజీకి తోలుతుంటే, అక్కచెల్లెళ్లిద్దరూ ఆ బస్తాల మీదెక్కి వెళ్లేవారు. ఆ పెద్ద తలుపు తెరిచినప్పుడల్లా మొహాన కొట్టే చలిగాలి కోసం గుమ్మంలోనే పడిగాపులు పడేవారు.

చంటాణ్ణి చంకనేసుకుని, తెరిచిన ల్యాప్‌టాప్‌ను హారతి పళ్లెంలా పట్టుకుని, సందు చివరి కోల్డ్ స్టోరేజీకి పరుగెత్తింది. గుమాస్తా ఇప్పటికీ ఆనాటి అమానుల్లానే.

"ఏందమ్మా అది?"

"చెల్లి హీలియం, బాబాయ్! వేడెక్కితే పోద్దంట. లోపల పెట్టనీ, నీకు పుణ్యముంటది."

"హీలియమంటే బెలూన్లలో కొట్టే గ్యాసేగా?" అంటూనే ఆయన తలుపు తీశాడు. చంటాణ్ణి ఆయనకిచ్చి, ల్యాప్‌టాప్‌తో టిక్కీల మధ్యకి దూరింది బిందుమాధవి.

గ్యాస్ అన్న మాటకు ముఠా కూలీ మరియదాసు భుజం మీది టిక్కీ జారి పిగిలింది. ఘాటు గుప్పుమంది. మరియదాసు దగ్గాడు, పక్కవాడు తుమ్మాడు.

"ఒరేయ్, గ్యాస్ లీకైందిరో!"

మిరపకాయల్లో పుట్టి పెరిగినవాళ్లే. ఆ ఘాటు దేనిదో ఒక్కడికీ తట్టలేదు. అందరూ రోడ్డున పడ్డారు. చంటాడు కూడా అమానుల్లా చంకనెక్కి బయటపడ్డాడు.

ఎదురింటి పిచ్చమ్మ చెప్పగా తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చింది తేజశ్రీ. లోపల అక్క ఒక్కతే, ల్యాప్‌టాప్ పక్కన వణుకుతూ కూర్చుని ఉంది.

"బయటికి రాలేదేందక్కా?"

"నీ హీలియాన్ని వదిలేసి ఎట్టా రానే?" ఘాటుకో భయానికో కళ్లు కారిపోతున్నాయి.

"పిచ్చి అక్కా, ఇందులో హీలియం లేదు. ఉత్త లెక్కే."

"లెక్కకే ఇంత కాలుద్దా? పదిలో మానేసి మంచి పని చేశా!"

తేజశ్రీ తెర వంక చూసింది. ఇంట్లో రెండుసార్లు వేడెక్కి మధ్యలో ఆగిన లెక్క ఈ చలికి పూర్తయింది. అంతలో గైడుగారి పిలుపొచ్చింది.

"ఎక్కడున్నావమ్మా? చుట్టూ ఎవరూ లేరేం?"

తేజశ్రీ కెమెరాను వాకిలి వైపు తిప్పింది. దూరంగా, తువ్వాళ్లతో ముక్కులు మూసుకుని, గుండ్రంగా జనం.

"బుడగలో ఉన్నాం సార్!"

ఫలితం చూసి ఆయన సరేనన్నారు. అక్కచెల్లెళ్లు వెంటనే ఇంటికి పోలేదు. గుమ్మంలో కూర్చున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అదే గాలి, అదే మిరప వాసన.

ఇప్పటికీ ఆ ల్యాప్‌టాప్ ఫ్యాను తిరిగితే చాలు, అందులో చిక్కిన మిరప ఘాటుకి ఇంటిల్లిపాదీ తుమ్ముకుంటూ బయటికి పోతారు. తేజశ్రీ ఒక్కతే కూర్చుని చదువుకుంటుంది.