చెవికి మాత్రమే ఉద్యోగం

సోమవారం ఉదయం మా అబ్బాయి సంచి నేనే సర్దాను. అన్నం డబ్బా, నీళ్ళ సీసా, కళ్ళజోడు, తువ్వాలు, జలుబు మాత్రలు, ఒక దుప్పటి. ఆఫీసు మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంది. పొద్దున వెళ్ళినవాడు సాయంత్రం వస్తాడు. అయినా గడప దాటే మనిషి దగ్గర దుప్పటి ఉండాలని నా అభిప్రాయం. ఈ అభిప్రాయాన్ని ఇంట్లో ఎవరూ గౌరవించరు. వాడు దుప్పటి తీసి కుర్చీలో పడేశాడు. నేను మళ్ళీ సంచి అడుగున కుక్కాను.

మావాడికి కొత్తగా ఉద్యోగం వచ్చిందని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. ఉద్యోగం పాతదే. కంపెనీ పాతదే, గది పాతదే, కుర్చీ కూడా పాతదే. కొత్తది మావాడొక్కడే.

అది ఫ్యాన్ల కంపెనీ. అక్కడి పరీక్షల గదిలో ఇద్దరు పనిచేసేవారు. ఒకడు మావాడు, రెండోవాడు వాడి స్నేహితుడు నిచ్చెన. అసలు పేరు ఏదో ఉంది గానీ, స్టూలు లేకుండా ఫ్యాను బిగించే మనిషిని ఎవరు మాత్రం అసలు పేరుతో పిలుస్తారు? నిచ్చెన ఫ్యాను బిగించేవాడు. మావాడు దాని కింద కళ్ళు మూసుకుని నిలబడి వినేవాడు. కరకరలాడితే వెనక్కి, లేకపోతే బజారుకి. ఇద్దరూ కలిసే వెళ్ళేవారు, కలిసే వచ్చేవారు. తల వంచకపోతే మా గుమ్మం తగులుతుంది కనుక, మా ఇంటికి నిచ్చెనంత వినయంగా వచ్చే మనిషి మరొకడు లేడు.

కిందటేడు కంపెనీవారు ఒక గొప్ప సత్యం కనిపెట్టారు. ఫ్యాను చప్పుడు చేస్తుందో లేదో కొన్నవాళ్ళకి ఎటూ తెలుస్తుంది. ఎటూ తెలిసేదాన్ని ముందే తెలుసుకోవడం దుబారా. అందుచేత పరీక్షించే గౌరవాన్ని కొనుగోలుదారులకే అప్పగించి, ఇద్దరికీ సెలవిప్పించారు. వీడ్కోలు సభలో మేనేజరుగారు చేతిరుమాలుతో కళ్ళొత్తుకుంటూ మాట్లాడారు. "వీరిద్దరూ ఈ సంస్థకు రెండు కళ్ళు. ఇంతకాలం శ్రమించిన కళ్ళకు విశ్రాంతి ఇవ్వడం మన కనీస ధర్మం." చెరో ఫ్యాను బహూకరించారు. రెక్కలు తరవాత పంపుతామన్నారు.

ఆ వేసవిలో ఊరు ఊరంతా మేలుకుంది. ఫ్యాన్లు కొన్ని ఇళ్ళలో మూలిగాయి, కొన్ని ఇళ్ళలో పళ్ళు కొరికాయి. కంపెనీకి తిట్లు వచ్చిపడ్డాయి. తిట్లు వినడానికి ఒక హాలు కట్టించి, హాలు నిండా మనుషుల్ని కూర్చోబెట్టారు. ఫ్యాన్లు వినే ఇద్దరి జీతాలు మిగిలిన సందర్భంగా ఆ హాలుకు ఘనంగా ప్రారంభోత్సవం కూడా జరిగింది.

చివరికి పరీక్షల గది మళ్ళీ తెరవాలని పైవాళ్ళు తీర్మానించారు. ఇద్దరినీ పిలిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. ఒక్కణ్ణే పిలిస్తే కొత్త నియామకం అవుతుంది. అలా మావాడి అదృష్టం పండింది. షరతులు రెండే. ఒకటి, తనకు అనుభవం లేదని ఒప్పుకోవాలి. అనుభవం ఉన్నవాణ్ణి కొత్తవాడి జీతానికి తీసుకోవడం అన్యాయం; కంపెనీ అన్యాయం చెయ్యదు. రెండు, తీసేసినవాళ్ళెవరితోనూ పరిచయం ఉండకూడదు. వాళ్ళ నిరాశ గజ్జిలా అంటుకుంటుందట. ఏ షరతు తప్పినా ఆ పూటే ఇంటికి.

వాడు చేరే ముందురోజు నిచ్చెన వచ్చాడు. అప్పటికి వాడు ఒక బట్టల కొట్లో పై అరల్లోంచి తానులు దింపే పని చేస్తున్నాడు. రెండో షరతు సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు.

"పిన్నీ, మన దశ తిరిగింది! వీణ్ణి పిలిచారంటే నన్నూ పిలిచినట్టే. వీడు చెవి, నేను చెయ్యి. ఒట్టి చెవిని పెట్టుకుని ఏం చేసుకుంటారు, పోగులు పెడతారా?" అని గట్టిగా నవ్వాడు. "ఒరేయ్, లోపలికెళ్ళగానే నా మాట ఎత్తు. నీకసలే మతిమరుపు."

"ఎత్తుతాలేరా," అన్నాడు మావాడు గోడకేసి చూస్తూ.

వాడు వెళ్ళాక మా కోడలు మావాడిచేత సాధన చేయించడం మొదలుపెట్టింది. ఆమె అదే కంపెనీలో రిసెప్షన్‌లో కూర్చుంటుంది. కొత్తవాళ్ళకి ఆఫీసు చూపించడం ఆమె పనే.

"క్యాంటీన్ ఎక్కడండీ?"

"మెట్ల పక్కన."

"అదిగో! మీకు తెలీదు కదా!"

"తెలీదు, తెలీదు."

"నేనెవర్ని?"

"నా పెళ్ళానివి."

"మీ మొహం! మేడమ్‌ని. ఇలాగైతే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లోనే ఉంటారు."

చిన్నప్పుడు ఎక్కాలు గుర్తుండటం లేదని వాడికి మొట్టికాయలు వేసిన చేతులు ఇవే. మరిచిపోవడానికి కూడా ఇంత చదువు కావాలని అప్పుడే తెలిసుంటే ఆ మొట్టికాయలు దాచి ఉంచేదాన్ని.

ఇక సోమవారం జరిగింది కోడలు చెప్పగా రాస్తున్నాను. స్వాగత సభకు అదే మేనేజరుగారు, అదే చేతిరుమాలు. "అనుభవమనే మకిలి అంటని ఈ యువకుణ్ణి చూడండి!" అన్నారు. యువకుడు నెరిసిన మీసంతో లేచి నమస్కరించాడు. ఏళ్ళ తరబడి మావాడి పక్కన కూర్చుని భోంచేసినవాళ్ళంతా వరసగా వచ్చి పరిచయం చేసుకున్నారు. కోడలు మంచినీళ్ళ కుళాయి చూపిస్తే మావాడు ఆశ్చర్యపోయి, "మీ పేరేంటి మేడమ్?" అని అడిగాడట. మేనేజరుగారు ముచ్చటపడ్డారు.

తరవాత అందరూ పరీక్షల గదికి వెళ్ళారు. ఫ్యాను వచ్చింది, స్టూలు వచ్చింది. మావాడు స్టూలెక్కి మునివేళ్ళ మీద లేచినా కొక్కెం అందలేదు. ఆ గది కిటికీ గేటువైపు ఉంటుంది. గేటు బయట నిచ్చెన నిలబడి ఉన్నాడు. కొట్టుకు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, లోపలినుంచి పిలుపొస్తుందని చూస్తున్నాడు. స్నేహితుడి అవస్థ చూసి ఆగలేకపోయాడు.

"ఒరేయ్, పడతావురా! ఉండు, నేనొస్తున్నా!"

వీడ్కోలునాడు ఈ మనిషిని కౌగిలించుకోబోయి, అందక, నడుముతో సరిపెట్టుకున్న మేనేజరుగారు కిటికీలోంచి తేరిపార చూశారు.

"ఎవరాయన? మీకు తెలుసా?"

మావాడు స్టూలు మీదే ఉన్నాడు.

"తెలీదండీ," అన్నాడు. "చాలా పొడుగ్గా ఉన్నాడు."

మేనేజరుగారు ఒక్కొక్కరినీ అడిగారు. ఎవరికీ తెలియదు. "అడ్రసు వెతుక్కుంటూ వచ్చినట్టున్నారు సార్," అంది మా కోడలు.

కిటికీకీ గేటుకీ మధ్య పెద్ద దూరం లేదు. లోపలి మాటలన్నీ బయటికి వినిపిస్తాయి. నిచ్చెన మావాడికేసి చూశాడు. ఆ తరవాత చేతులు జోడించాడు.

"అవునండీ, అడ్రసు తప్పొచ్చాను. ఇది సబ్బుల కంపెనీ అనుకున్నా." రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "బాబూ, తమరెవరో గానీ, ఆ స్టూలు కుంటుతోంది. దిగండి."

మావాడు నెగ్గాడు. ఇంత తొందరగా కొత్తవాడైన పాతవాణ్ణి తన అనుభవంలో చూడలేదని మేనేజరుగారు ప్రకటించారు. ఫ్యాను బిగించే ఇబ్బంది తీర్చడానికి మర్నాడే ఒక ఇనప నిచ్చెన కొన్నారు. దానికి పరిచయస్తులెవరూ లేరు.

మా వీధివాళ్ళు వచ్చి అభినందించారు. కొందరు ఇలాంటి ఉద్యోగానికి దారి చెప్పమని కొడుకుల్ని వెంటబెట్టుకొచ్చారు. షరతులు వినిపిస్తే "అంతేనా?" అన్నారు. మొదటి షరతుకు కొంచెం తర్ఫీదు కావాలేమో గానీ, రెండోది తమ పిల్లాడికి ఇంట్లో చూసి చూసే వచ్చేసిందని ఒకాయన గర్వంగా చెప్పాడు. కాదనడానికి నాకు కారణం కనిపించలేదు.

నిన్న పక్కింటావిడ అడిగింది. "ఏం పిన్నిగారూ, మీ పొడుగాయన కనిపించడం లేదేం?"

"ఏ పొడుగాయన?" అన్నాను.

మా కోడలు వంటింట్లోంచి తొంగిచూసి మెచ్చుకోలుగా తలూపింది.

మావాడు రోజూ వెళ్తున్నాడు, రోజూ వస్తున్నాడు. నిచ్చెన మాత్రం ఆ సోమవారం పొద్దున గేటు దగ్గరినుంచి వెళ్ళినవాడు, మళ్ళీ మా ఇంటికి రాలేదు.