వెదురుపొద మలుపులో అశ్రునివాళి

ఒక పెద్ద అడవిలో, అందరూ వాగుకు పోయే దారిలో, ఒక మలుపు ఉండేది. మలుపులో గుబురుగా ఒక వెదురుపొద. అటు నుంచి వచ్చేవాడికి ఇటువాడు కనబడడు, ఇటు నుంచి వచ్చేవాడికి అటువాడు కనబడడు. ఈ సంగతి అడవిలో అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఒకరోజు పొద్దున్నే దుప్పి కొమ్మయ్య నీళ్లు తాగి పరుగున వస్తున్నాడు. అడవిపంది వరహాలు వీపు మీద ఇప్పపూల మూట వేసుకుని పరుగున పోతున్నాడు. సరిగ్గా మలుపులో ఇద్దరూ ఎదురెదురుగా గుద్దుకున్నారు. కొమ్మయ్య అక్కడికక్కడే ప్రాణం వదిలాడు. వరహాలు కొన ఊపిరితో పడి ఉన్నాడు. మూట విడిపోయి ఇప్పపూలు దారంతా చెల్లాచెదురయ్యాయి.

చప్పుడు విని చుట్టుపక్కల జంతువులన్నీ పరుగెత్తుకొచ్చాయి. దయగల అడవి కదా, ముందు పూలు ఏరుకుని తిన్నాయి. నోరు ఖాళీ అయ్యాక ఏడ్చాయి.

కొమ్మయ్య పెళ్లాం పైడమ్మ వచ్చేసరికి దారి నిండా జనమే.

"ఈ మలుపు మంచిది కాదని నేను ముందే చెప్పాను," అంది తాబేలు. ఎవరికి చెప్పిందో మాత్రం చెప్పలేదు.

"తప్పు కొమ్మయ్యదే. ఆ స్పీడేమిటి అసలు?" అంది కుందేలు.

"వీళ్లని ఊరికే వదలకూడదు! రాస్తారోకో!" అని కేకేశాడు కొండముచ్చు. ఎవరిని వదలకూడదో ఎవరూ అడగలేదు. అందరూ దారికి అడ్డంగా కూర్చున్నారు. వరహాలుకు కట్టు కట్టడానికి వైద్యుడు ఉడుము ఆకులూ వేళ్లూ పట్టుకుని వస్తే, అతన్నీ ఆపేశారు.

"అయ్యా, అక్కడ ప్రాణం పోతోంది! దారివ్వండి!"

"ఆ ప్రాణం కోసమే కదయ్యా కూర్చున్నాం! న్యాయం జరిగేదాకా ఈగని కూడా పోనివ్వం," అన్నాడు కొండముచ్చు.

న్యాయం జరిగేలోపే వరహాలు పోయాడు. దాంతో ఆందోళన ఉధృతమైంది.

సాయంత్రానికి ప్రెసిడెంటు నక్క సత్యమూర్తి వచ్చాడు. తోక కిందికి దించి, మొహం అంతకన్నా కిందికి దించి, పైడమ్మ ముందు నిలబడ్డాడు.

"ఏం కావాలో అడుగు తల్లీ."

పైడమ్మ పక్కన కూతురు ముత్యాలు తల్లిని ఆనుకుని ఉంది. ఇంకా కాళ్లు సరిగా నిలవని పసిది. ఇప్పటిదాకా ఇంటి దగ్గర కుంటలోనే నీళ్లు తాగుతోంది. ఎండలు ముదిరితే కుంట ఎండిపోతుంది. అప్పుడు అదీ ఈ మలుపు దాటి వాగుకు పోవాల్సిందే. మొగుడు పోయిన దుఃఖంలో కూడా పైడమ్మకు ఆ భయమే గుండెల్లో కూర్చుంది.

"నాకేం వద్దు బాబూ. ఆ పొద పీకించండి. మా ఆయన ఎలాగూ రాడు, నా పిల్లయినా బతుకుతుంది."

"అంతేనా! ఆ సంగతి నాకొదిలెయ్," అన్నాడు సత్యమూర్తి.

మర్నాడు పైడమ్మ వెళ్లి చూస్తే పొద పొదలాగే ఉంది. దానికి టేకాకులు కలిపి కుట్టిన పెద్ద బోర్డు ఒకటి కట్టి ఉంది. బోర్డు మీద సత్యమూర్తి నవ్వుమొహం. పక్కన కొంచెం చిన్నగా ఆయన బావమరిది మొహం. అడుగున ఒక మూల, వెతికితే దొరికేటట్టు, కొమ్మయ్యా వరహాలూ. వరహాలు బొమ్మ దొరకలేదేమో, ముళ్లపంది బొమ్మ వేశారు. పైన "అశ్రునివాళి" అని రాశారు. ఇదివరకు వెదురు సందుల్లోంచి అవతల వచ్చేవాళ్ల నీడైనా కనబడేది. ఇప్పుడు అదీ లేదు.

పైడమ్మ దారుల పని చూసే ఏనుగు దగ్గరికి వెళ్లింది.

"ఒక్క లాగు లాగితే ఆ పొద వచ్చేస్తుంది కదా అన్నా?"

"ఎందుకు రాదమ్మా? సగం లాగితే చాలు," అన్నాడు ఏనుగు, చెవులు తీరిగ్గా ఊపుతూ. "కానీ ప్రెసిడెంటు గారి ఆర్డరు రావాలి."

ఆమె సత్యమూర్తి దగ్గరికి పరుగెత్తింది.

"పొద తీసేస్తే బోర్డు ఎక్కడ కట్టను తల్లీ?" అన్నాడాయన బాధగా. "మీ ఆయన్ని అడవి మర్చిపోవాలనా నీ ఉద్దేశం?"

చుట్టూ ఉన్నవాళ్లు పైడమ్మను అదోలా చూశారు. "మొగుడు పోయి వారం కాలేదు, అప్పుడే బోర్డు పీకెయ్యమంటోంది!" అని బుగ్గలు నొక్కుకుంది కుందేలు.

"ఈ అన్యాయాన్ని నేను సహించను!" అంటూ లేచాడు ఎలుగుబంటి జాంబయ్య. వచ్చే ఎన్నికల్లో ప్రెసిడెంటు కుర్చీ మీద కన్నేసినవాడు.

పైడమ్మకు ప్రాణం లేచొచ్చింది. "మీరైనా పొద పీకిస్తారా బాబూ?"

"పీకించడమేమిటమ్మా? రెండో పక్క అంతా ఖాళీగా ఉంటేనూ!"

మర్నాటికి రెండో పక్క జాంబయ్య బోర్డు లేచింది. సత్యమూర్తి బోర్డు కంటే జానెడు పెద్దది.

సంతాపసభకు ఇద్దరు నాయకులకూ తీరిక కుదిరేసరికి ఎండలు ముదిరాయి. కుంటలో బురద మిగిలింది. పైడమ్మ రోజూ తాను ముందు మలుపు దాకా వెళ్లి, చెవులు రిక్కించి, అవతల చప్పుడు లేదని నమ్మకం కుదిరాకే పిల్లను పిలిచేది. పిల్ల దాటేదాకా అక్కడే కాపలా నిలబడేది.

సభ మలుపులోనే పెట్టారు. ముందు ఎవరు దండ వేస్తే వాళ్లదే పేరు. సత్యమూర్తి అడవిదున్న మీదెక్కి ఇటు నుంచి బయల్దేరాడు. జాంబయ్య దండ మెళ్లో వేసుకుని అటు నుంచి పరుగు అందుకున్నాడు. తల్లితో సభకు వచ్చిన ముత్యాలేమో మలుపు మధ్యలో నిలబడి బోర్డుకేసి వింతగా చూస్తోంది.

రెండు పక్కలా అడుగుల చప్పుడు పైడమ్మ చెవిన పడింది. "ఆగండి బాబూ! అటు నుంచి వస్తున్నారు!" అని గొంతు చించుకుని అరిచింది. "జోహార్ కొమ్మయ్యా!" అన్న నినాదాల్లో కొమ్మయ్య పెళ్లాం కేక ఎవరికీ వినబడలేదు. ఆమె ఒక్క దూకు దూకి పిల్లను తలతో దారి పక్కనున్న గోతిలోకి నెట్టేసింది.

దున్నా ఎలుగుబంటీ ధడేలున గుద్దుకున్నాయి. సత్యమూర్తి గాల్లోకి లేచి, బోర్డు మీది తన మొహాన్ని తానే చించుకుని, పొదలో ఇరుక్కున్నాడు. జాంబయ్య పక్కటెముకలు పట్టుకుని మూలుగుతున్నాడు.

ఈసారి రాస్తారోకో లేదు. వైద్యుడు ఉడుమును కొండముచ్చే భుజాన వేసుకుని తెచ్చాడు.

"ఏనుగు ఎక్కడ చచ్చాడు? ఈ దిక్కుమాలిన పొద పీకమనండి!" అని అరిచాడు సత్యమూర్తి.

"ఆర్డరు..." అన్నాడు ఏనుగు.

"నా నడుం విరిగిందిరా! పీకు!"

ఏనుగు సగం లాగితే పొద వేళ్లతో సహా వచ్చేసింది. మలుపు నుంచి వాగు దాకా దారంతా తేటగా కనబడింది.

మర్నాడు సన్మానం చేశారు. "ప్రజల కోసం రక్తం చిందించి పొద తీయించిన నేత" అని పొగిడారు. సత్యమూర్తి పడుకున్న చోటి నుంచే పైడమ్మను పిలిచాడు.

"తృప్తేనా తల్లీ? అడిగింది చేశాను."

పైడమ్మ దారి వంక చూసింది. ముత్యాలు ఒక్కతే గంతులేస్తూ వాగుకు పోతోంది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

"దండాలు బాబూ," అంది. "ఆ గుద్దుకునేదేదో మా ఆయనకంటే ముందు మీరే గుద్దుకుని ఉంటే, ఆయన కూడా బతికేవాడు."

నీతి: దారి బాగుపడాలంటే ప్రమాదం జరిగితే చాలదు, తగినవాళ్లకు జరగాలి.