ఉగ్గుగిన్నెతో పంచిన కంటిమందు

ఆ ఉదయం హుస్సేన్ సాహెబు అనుకున్న పని చాలా చిన్నది. కృష్ణపట్నంలో మొదటి బస్సెక్కి నెల్లూరు వెళ్ళి, కళ్ళలో వేసుకునే కొత్త మందు తెచ్చుకుని, మధ్యాహ్నానికల్లా కుట్టుమిషను ముందు కూర్చోవాలి. కళ్ళ లోపల వాపు వచ్చి చూపు మసకబారినప్పటి నుంచీ ఆయన సూదిలోకి దారం ఎక్కడం లేదు. కాజాలన్నీ భార్య హజరాబీ కుడుతోంది. ఆవిడ కుట్టిన కాజాలో గుండీ దూరితే బయటికి రాదు, వస్తే మళ్ళీ దూరదు. చూపు కుదుటపడకపోతే దర్జీ అంగడి మూసుకోవలసిందే.

ఆసుపత్రిలో డాక్టరు సంజీవరావు ఉన్నమాట దాచే రకం కాదు. "ఇది కొత్త మందుకు పరీక్ష. కొందరి సీసాల్లో మందుంటుంది, కొందరి వాటిల్లో వట్టి ఉప్పునీళ్ళు. ఎవరిది ఏదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఆ గుట్టు మందు పంపిన మద్రాసువాళ్ళ దగ్గరుంది. ఇష్టమైతేనే చేరండి" అన్నాడు. సాహెబు చేరాడు. అదే జబ్బుతో బెంచీ మీద పక్కన కూర్చున్న మనుబోలు రైతు పద్మనాభయ్య కూడా చేరాడు.

ఇద్దరూ బస్టాండు పక్క టీ అంగట్లో కూర్చున్నారు. టీ కంటే ముందు దిగులు వచ్చింది.

"మన ఇద్దరిలో ఒకరిది నీళ్ళయితే ఏంది పద్మనాభయ్యా?"

"నేనూ అదే అనుకుంటుండా సాయబూ. నాకు మందొచ్చి నీకు నీళ్ళొస్తే నాకు అన్నం సయిస్తదా? కాలవ నీళ్ళు పైమడికీ కిందమడికీ సమానంగా పారించుకుంటాం. కంటిచుక్కలకు ఇంకో న్యాయమా?"

న్యాయం ఒక్కటే అని తేలింది. వేడినీళ్ళతో కడిగించిన గ్లాసులో రెండు సీసాలూ ఒంపి, కలిపి, చెరిసగం నింపుకున్నారు.

మళ్ళీ వెళ్ళేసరికి ఇద్దరికీ చూపు కాస్త తేటపడింది. పద్మనాభయ్య నోట్లో మాట ఆగదు. బెంచీ మీదున్న వాళ్ళందరికీ చెప్పేశాడు. ఇక అందరూ టీ అంగటికే వచ్చారు. హజరాబీకి గ్లాసు శుభ్రం నచ్చలేదు. ఇంట్లో కాచి కడిగిన ఇత్తడి చెంబు, పిల్లలకు పాలు పట్టిన ఉగ్గుగిన్నె పట్టుకుని సాహెబు వెంట బస్సెక్కి వచ్చి, పంపకం తన చేతుల్లోకి తీసుకుంది.

"తోసుకోవాకండి అన్నా. చుక్క ఎక్కువ కాదు, చుక్క తక్కువ కాదు" అంటూ అందరి సీసాలూ చెంబులోకి ఒంపి, గిన్నెతో కొలిచి పోసింది.

కొన్నాళ్ళకు సాహెబు సూదిలోకి దారం ఒక్క పోటుకే ఎక్కింది. ఆయన సూది పట్టుకుని అలాగే కూర్చుని ఏడ్చాడు. హజరాబీ కూడా ఏడ్చింది, కాజాల పీడ వదిలినందుకు.

ఆ తర్వాత వెళ్ళేసరికి డాక్టరు ముఖం వేలాడేసుకుని ఉన్నాడు.

"మద్రాసులో గుట్టు విప్పారు. మందు వేసుకున్నవాళ్ళకూ తగ్గింది, నీళ్ళు వేసుకున్నవాళ్ళకూ అంతే తగ్గింది. అంటే ఈ మందు దండగ. తిప్పి పంపేస్తున్నా."

బెంచీ గతుక్కుమంది. మందు పోతే మళ్ళీ మసకే. నిజం చెబితే ఆసుపత్రి గడప తొక్కనివ్వరేమో. పద్మనాభయ్య చొక్కా లాగుతున్నా సాహెబు లేచి నిలబడ్డాడు.

"నీళ్ళు ఏసుకున్నోళ్ళెవురూ లేరయ్యా. మందు ఏసుకున్నోళ్ళూ లేరు. అంతా ఒకే చెంబులో పోసి పంచుకున్నాం."

డాక్టరు కళ్ళజోడు తీసేశాడు. "ఎవరు చెప్పారయ్యా మీకు, అట్లా చెయ్యమని?"

"మోసం అనుకోలేదయ్యా. పక్కనోడికి చూపు రాకుండా నాకే వస్తే, ఆ చూపుతో వాడి మొగం ఎట్టా చూసేది?"

డాక్టరు తిట్టాలనే మొదలుపెట్టాడు గానీ మధ్యలోనే ఆగిపోయాడు.

"అయితే మీరందరూ వేసుకున్నది నీళ్ళు కలిపిన మందన్నమాట. అదే చాలిందన్నమాట."

ఆ సంగతే మద్రాసుకు రాశాడు. ఈసారి అక్కణ్ణుంచి అందరికీ మందే వచ్చింది, పలచన చేసినది. ఇంకెవరూ పంచుకోకూడదని బెంచీ మొత్తం చేత ఒట్టు వేయించుకుని మరీ సీసాలు చేతికిచ్చాడు.

అయినా మద్రాసువాళ్ళ కొలత మీద నమ్మకం కుదరక, హజరాబీ ఉగ్గుగిన్నె కడిగే తీసుకొచ్చింది.