పెద్ద తూటా, మూడు తలుపులు

మార్లిస్ మొగుడు ఆరిన్‌కి తాగుడు లేదు, జూదం లేదు, ఇంకో ఆడమనిషి వైపు చూసే ఓపికా లేదు. ఉన్నదల్లా ఒకటే రోగం. ఏది కొన్నా దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా పెద్దది కొంటాడు. ఇద్దరు మనుషులున్న ఇంటికి పెళ్ళివారికి సరిపడా కాఫీ పాత్ర తెచ్చాడు. వాకిట్లో మంచు ఎత్తడానికి తెచ్చిన యంత్రం మంచుతోపాటు పక్కింటివాళ్ళ ఉత్తరాల డబ్బాని కూడా ఎత్తి రోడ్డుకి అవతల పారేసింది. ఇన్ని భరించిన మార్లిస్‌కి, ఈ ఏడు అతగాడి దృష్టి తన ఎల్క్ దుప్పి వేట మీద పడిందని తెలిసేసరికి గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే ఆ వేట అతనిది కాదు, ఆమెది. నది పక్క కొండల్లో పెద్ద కొమ్ముల మగ ఎల్క్‌ని కొట్టాలంటే అమెరికాలోని ఆ మోంటానాలో సర్కారు లాటరీలో పర్మిట్ తగలాలి. పెళ్ళయిన నాటినుంచీ మార్లిస్ ఏటా దరఖాస్తు పెడుతూనే ఉంది. పిల్లలు పుట్టారు, పెరిగారు, వాళ్ళకీ పెళ్ళిళ్ళయ్యాయి, పర్మిట్ మాత్రం రాలేదు. ఈ ఏడు వచ్చింది. మళ్ళీ రావాలంటే ఇంకో జన్మ ఎత్తాలి. లూథరన్ క్రైస్తవులకి ఆ సౌకర్యం లేదు.

ఆమెకి వాళ్ళమ్మ ఇచ్చిన పాత రైఫిల్ ఉంది. చిన్న తూటాది. దానితోనే ఏటా ఓ ఆడ ఎల్క్‌ని కొట్టి చలికాలానికి మాంసం చూసుకుంటోంది. ఆరిన్‌కి అది నచ్చలేదు. భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా పక్కన మాగ్నమ్ అనే భారీ తూటాలు వరసగా నిలబెట్టాడు, కుటుంబం ఫొటోకి నిలబడ్డట్టు.

"ఇది సెవెన్ మిల్లీమీటర్ మాగ్నమ్. కాస్త నాజూకు. ఇది త్రీ హండ్రెడ్. ఫరవాలేదు, పాపం. ఇదిగో, ఇదీ అసలు సరుకు, త్రీ థర్టీ ఎయిట్! వెయ్యి గజాల అవతలున్నా పడుకోబెట్టేస్తుంది."

"వెయ్యి గజాల అవతలున్నది ఎల్కో, జోర్గెన్సన్ వాళ్ళ ఆవో నాకెలా తెలుస్తుంది?"

"మగ ఎల్క్ అంటే మాటలు కాదు మార్లిస్. నీ పాత తుపాకీ జింకలకి సరిపోతుంది."

"నిరుడంతా మనం తిన్నదేమిటి మరి, కుందేలా?"

"అది ఆడది. పైగా దగ్గర్నుంచి కొట్టావు."

"దగ్గరికి వెళ్ళగలిగినదాన్ని దూరం నుంచి ఎందుకు కొడతాను?"

దీనికి ఆరిన్ దగ్గర పెద్ద ఉపన్యాసం ఉంది. అది పూర్తయ్యేసరికి పొయ్యి మీద బంగాళాదుంపలు గుజ్జయిపోయాయి.

వేట ఇంకో వారం ఉందనగా, శనివారం పొద్దున మార్లిస్ అనుకున్నది చాలా చిన్న పని. షూటింగ్ రేంజికి వెళ్ళి పాత రైఫిల్‌తో ఓ మూడు తూటాలు కాల్చి, గురి సరిగ్గా ఉందని చూసుకుని, ఇంటికొచ్చి చర్చి విందుకి లెఫ్సా రొట్టెలు ఒత్తుకోవాలి. ట్రక్కు ఎక్కి చూస్తే వెనక సీట్లో కొత్త రైఫిలొకటి సీటు బెల్టు పెట్టుకుని కూర్చుంది. మార్లిస్‌కి ఆ మర్యాద ఎన్నడూ జరగలేదు.

రేంజిలో ఇంకెవరూ లేరు. "ముందు నేను చూపిస్తా, నువ్వు నేర్చుకుందువు గాని," అంటూ ఆరిన్ బల్ల దగ్గర కూర్చున్నాడు. రైఫిల్ మీద బిగించిన దుర్భిణీ స్కోపులోకి సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు కన్ను పెట్టి మరీ దగ్గరగా వంగాడు.

"కాస్త వెనక్కి జరుగు, ఆరిన్."

"నాకు చెప్తున్నావా?"

ఢామ్మంది. చుట్టుపక్కల పొదల్లో పిట్టలన్నీ ఊరు ఖాళీ చేశాయి. తూటా ముందుకి ఎంత దూరం వెళ్ళిందో గానీ, రైఫిల్ మాత్రం వెనక్కి తన్నింది. స్కోపు అంచు ఆరిన్ కనుబొమ్మ మీద అచ్చు వేసింది. అతను ముక్కు మీదుగా నెత్తురు కారుతుండగా గురికి పెట్టిన దిమ్మ వైపు చూశాడు.

"తగిలిందా?"

"దిమ్మకైతే తగల్లేదు," అంది మార్లిస్, చేతిరుమాలు అందిస్తూ.

నెత్తురు తుడిచి చూస్తే కనుబొమ్మ మీద చక్కటి అర్ధచంద్రుడు. అద్దంలో అది చూసుకుని ఆరిన్ తెల్లబోయాడు. నొప్పికి కాదు. అతని తమ్ముడు లీలండ్‌కి కుర్రతనంలో స్కోపు తగిలి సరిగ్గా ఇలాంటి మచ్చే పడింది. నాటినుంచి నేటివరకూ ఆరిన్ వాణ్ణి "చందమామా" అని తప్ప పిలిచింది లేదు. వాడి పెళ్ళి విందులో లేచి దాని మీద ప్రసంగం కూడా చేశాడు.

"లీలండ్‌కి తెలిస్తే నేనీ ఊళ్ళో ఉండలేను. ఎవరికీ చెప్పనని మాటివ్వు."

"సరే, నేను చెప్పను," అంది మార్లిస్. మాటివ్వడం తేలికే అనుకుంది.

మచ్చ ఆకారం కనబడకుండా ఆరిన్ దాని మీద పేద్ద పట్టీ వేశాడు. పట్టీల్లోనూ పెద్దదే కొన్నాడు కాబట్టి సగం ముఖం కప్పేసింది. ఇక ఊళ్ళో కనబడ్డ ప్రతివాడూ ఏమైందనే అడిగాడు. కాఫీ హోటల్లో అలమారా తలుపు తగిలిందన్నాడు. క్షవరశాలలో గ్యారేజీ తలుపన్నాడు. ధాన్యం కొట్టు దగ్గర గాలికి కొట్టం తలుపు వచ్చి కొట్టిందన్నాడు. ఆ మూడు చోట్ల విన్నవాళ్ళూ మర్నాడు ఒకే బల్ల దగ్గర కాఫీ తాగుతారన్న సంగతి అతనికి తోచలేదు.

"ఆ ఇంట్లో తలుపులన్నీ కలిసి కొట్టాయా ఏమిటి?" అన్నాడు క్షవరం చేసే అతను.

"తలుపులు ఎక్కడన్నా కొడతాయా!" అంది కాఫీ పోసే ఆమె. ఇక అంతే. ఎవరూ పేరెత్తలేదు గానీ, కొట్టిందెవరో అందరికీ అర్థమైపోయింది.

మొదట పాస్టరు గారు వచ్చారు. కాఫీ తాగుతున్నంతసేపూ గోడకి వేలాడుతున్న ఇనప పెనాలనే చూస్తూ కూర్చున్నారు.

"ఆవేశం ఎవరికైనా వస్తుందమ్మా," అన్నారు మెల్లిగా.

"నాకు రాలేదండీ."

"ఆరిన్, నువ్వేమన్నా చెప్పుకుంటావా నాయనా?"

"తలుపండీ," అన్నాడు ఆరిన్, నేల చూపులు చూస్తూ.

"ఏ తలుపు?"

ఆరిన్ ఇంట్లో తలుపులన్నీ ఓసారి కలయజూశాడు. "ఇక్కడిది కాదండీ," అన్నాడు. పాస్టరు గారు మార్లిస్ వైపు జాలిగా చూసి, వెళుతూ వెళుతూ ఇద్దరి కోసమూ ప్రార్థన చేశారు. ఆరిన్ కోసం కాస్త ఎక్కువసేపు చేశారు.

ఆయన వెళ్ళాక మార్లిస్ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఎప్పుడు చెప్తావు నిజం?"

"పుండు మానగానే."

"అప్పటికి నన్ను జైల్లో పెడతారు."

అయితే ఒక విచిత్రం జరిగింది. కోఆపరేటివ్ దుకాణంలో వరసలో నిలబడితే ముందున్నవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. చర్చి ఆడవాళ్ళకి పెద్దదిక్కు బెర్నీస్, ఇరవయ్యేళ్ళుగా మార్లిస్ చెప్పేది సగంలోనే తుంచేసే మనిషి, మొదటిసారి చివరిదాకా వింది. విందుకి రొట్టెలు ఎన్ని కావాలని మార్లిస్ అడిగితే, "నీ ఇష్టం మార్లిస్, నువ్వెన్ని తెస్తే అన్నే," అంది. ఇదేమిటో మార్లిస్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, పైకి చెప్పలేదు గానీ, పెద్దగా బాధ కూడా పడలేదు.

బాధంతా విందునాడు వచ్చింది. చర్చి హాలు కిటకిటలాడుతోంది. లీలండ్ మాంసపుండల పళ్ళెంతో ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. ఆ కొండల్లోకి బండ్లు పోవు. ఎల్క్ పడితే మాంసం మోసుకురావడానికి లీలండ్ గుర్రాలే దిక్కు.

"వదినా, తప్పుగా అనుకోకు. ఈసారి గుర్రాలు ఇవ్వలేను."

"అదేమిటి? తెల్లారితే బయలుదేరాలి!"

"అన్నయ్యనీ నిన్నూ ఒక గుడారంలో పెట్టి, నీ చేతిలో తుపాకీ ఉండగా, గుర్రాలు కూడా నేనే ఇస్తే... రేపు మా అమ్మకి ఏమని చెప్పను?"

మార్లిస్ చేతిలో పళ్ళెం బల్ల మీద పెట్టేసింది. జన్మకోసారి వచ్చిన పర్మిట్. ఆమె నోరు తెరిచింది. ఇచ్చిన మాట గుర్తొచ్చి మూసుకుంది. హాలు అవతలి వైపున్న ఆరిన్ కేసి చూసింది. అతను వెన్న పూసిన దుంపల గిన్నె మీదకి వంగి ఉన్నాడు. తలెత్తాడు. ఆమె ముఖం చూశాడు. పర్మిట్ వచ్చిన రోజు ఆమె ఉత్తరం పట్టుకుని వాకిట్లో ఒంటరిగా గంతులేయడం ఆరిన్ వంటింటి కిటికీలోంచి చూశాడు. ఆ ముఖం ఇలా ఉండటం అతను తట్టుకోలేకపోయాడు.

"ఏం, లీలండ్, మా ఆవిడతో ఏమిటి గుసగుసలు?"

"గుర్రాలు లేవంటున్నాను."

"ఎందుకు లేవు?"

"ఎందుకో నీ ముఖం మీదే ఉంది."

ఆరిన్ గిన్నె కింద పెట్టాడు. పట్టీ అంచు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. సగం కనుబొమ్మ కూడా దానితో వచ్చింది. లీలండ్ నోటిదాకా వెళ్ళిన మాంసపుండ అక్కడే ఆగింది.

"చందమామ!" అన్నాడు లీలండ్, భక్తితో.

"మార్లిస్ నన్ను వేలేసి తాకలేదు. ఏ తలుపూ తగల్లేదు. స్కోపు కొట్టింది."

"ఏ తూటా?" వెనకనుంచెవరో అడిగారు.

"త్రీ థర్టీ ఎయిట్," అని గొణిగాడు.

"గట్టిగా చెప్పన్నాయ్, వంటగదిలోవాళ్ళకి వినబడలేదు!" లీలండ్ అప్పటికే కుర్చీ పట్టుకుని కళ్ళ నీళ్ళు తుడుచుకుంటున్నాడు.

"త్రీ థర్టీ ఎయిట్! తప్పు నాదే! అంత పెద్ద తూటా ఎవరికీ అక్కర్లేదు. నాకసలే అక్కర్లేదు. వెనక్కి జరగమని మార్లిస్ చెప్పింది, నేను వినలేదు. దాని పాత రైఫిలే మంచిది. చాలా?"

"చాలదు గానీ," అన్నాడు లీలండ్ ఎగశ్వాస మధ్య, "గుర్రాలు తోలుకుపో వదినా. జీను నేనే కడతాను."

హాలు నవ్వులతో ఊగిపోతుండగా మార్లిస్ వంటగదిలోకి వెళ్ళింది. అక్కడ నవ్వులు లేవు. ఆడవాళ్ళందరూ ఆమెనే దిగులుగా చూస్తున్నారు.

"అంటే నువ్వు కొట్టలేదా?" అంది బెర్నీస్.

"లేదు."

"ఒక్కసారి కూడానా?"

"లేదు బెర్నీస్."

బెర్నీస్ పెద్ద నిట్టూర్పు విడిచింది. "నీ గురించి నేను పొరబడ్డాను, మార్లిస్," అని ఒప్పుకుని, తొట్టి పక్కనున్న అంట్ల గుట్టని ఆమె వైపు తోసింది.

ఆ సాయంత్రం మార్లిస్‌కి పరువు తిరిగొచ్చింది, గుర్రాలు వచ్చాయి, తోమాల్సిన గిన్నెలూ వచ్చాయి.